రెండో వేడినీళ్ళ సీసా

ఇవాళ కూడా బరువు తగ్గితే పాపను ఆసుపత్రికి పంపాల్సిందేనని పొద్దున్నే చెప్పేసింది ట్రూస్. ప్రసవం అయిన దగ్గర్నుంచి రోజూ ఇంటికొచ్చి తల్లీబిడ్డల్ని చూసుకునే నర్సు ఆమె. ఆ మాట విన్నాక తల్లి ఫెన్నా మళ్ళీ మళ్ళీ పాలు పట్టి చూసింది. నెలలు నిండి పుట్టిన పిల్ల, బొద్దుగా ఉంది, ఏ లోపమూ లేదు, కానీ రొమ్ము నోటికందిస్తే నాలుగు గుక్కలైనా తాగకుండానే కళ్ళు మూసేస్తుంది. అరికాలు గిల్లినా, బుగ్గ నిమిరినా ఉలుకూ పలుకూ లేదు.

కింద ముందుగదిలో అత్తగారు గెప్కె ఏమో రస్కులకి వెన్న రాసి, వాటిమీద గులాబీరంగు సోంపు మిఠాయి చల్లి, చూడొచ్చిన వాళ్ళందరికీ పెడుతోంది. ఆడపిల్ల పుట్టిన ఇంటి ఆనవాయితీ మరి, తినకుండా ఎవర్నీ గడప దాటనివ్వదు.

ట్రూస్ త్రాసు సర్దుకుని ఉయ్యాల మీదకు వంగింది. ఒక దుప్పటి, దాని కింద ఇంకోటి, ఊలు టోపీ, ఊలు చొక్కా, అన్నీ ఒలుస్తూ పోతే పిల్ల కాళ్ళ దగ్గర బట్ట తొడుగేసిన రేకు సీసా తగిలింది, నిండా వేడినీళ్ళతో.

"ఇక అక్కర్లేదని దీన్ని మొన్ననే తీయించాను కదా తల్లీ?"

"తీసేశాను. ఇదేదో ఇంకోటి," అంది ఫెన్నా మంచం మీంచి.

మెట్లెక్కి వచ్చిన గెప్కె తలుపు దగ్గరే ఆగిపోయింది. "నేనే పెట్టాను. మావాడు రెండు సీసాల మధ్య పెరిగాడు. వణుకుతూ ఎవరన్నా పాలు తాగుతారా?"

"వెచ్చగా దుప్పటి కప్పితే మీరేం చేస్తారు గెప్కెగారూ?"

"ఇంకేం చేస్తాను, నిద్రపోతాను."

"మీ మనవరాలూ అదే చేస్తోంది. కాకపోతే తిండి మానేసి."

గెప్కె వచ్చి ఆ సీసా తీసి పక్కన పెట్టింది. ట్రూస్ పిల్లని తూచింది, బరువు మళ్ళీ తగ్గింది. ఆసుపత్రికి చెప్పడానికి ఫోను అందుకోబోయింది.

"కాస్త ఆగండి. ఒక్కసారి నన్ను పాలు పట్టి చూడనివ్వండి," అంది ఫెన్నా. తన చొక్కా విప్పి, ఒంటిమీద నూలుపోగు లేని పిల్లని గుండెకి ఆనించుకుంది. వీపు మీద పల్చటి గుడ్డ మాత్రం కప్పింది.

చల్లగాలి తగిలి పాప ముఖం చిట్లించింది. కళ్ళు తెరిచింది. తల అటూ ఇటూ తిప్పుతూ, గడ్డంతో తడుముకుంటూ, తనంతట తనే రొమ్ము పట్టేసింది. గుటక, గుటక, మళ్ళీ గుటక. అందరూ ఊపిరి బిగబట్టుకుని విన్నారు.

కింద ఎవరో పెద్దగా నవ్వారు. గెప్కె మెట్ల మీదకి పరిగెత్తింది. "నోళ్ళు మూసుకోండర్రా, పాలు తాగుతోంది!"

ట్రూస్ ఫోను జేబులో పెట్టేసింది. "సాయంత్రం దాకా ఇలాగే తాగిస్తూ ఉండు. అప్పుడు మళ్ళీ తూస్తాను."

ఫెన్నా పిల్లని రెండో వైపుకి మార్చబోయింది. ఆ కాస్త ఆలస్యానికే పాప కోపంగా కేరుమంది, పుట్టాక మొదటిసారి, ఆకలితో.