కార్బ్యురేటర్ జోలికి పోకు

ఒకలేబో మేస్త్రీ చావింటికి బయల్దేరుతూ, తన దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల అముగెకు రెండు మాటలు చెప్పాడు. "పంక్చర్లు వెయ్యి, చైన్లు బిగించు. కార్బ్యురేటర్ జోలికి మాత్రం పోకు" అన్నది మొదటి మాట. రెండోది లారీ కదిలాక గుర్తొచ్చినట్టుంది, తల బయటికి పెట్టి రోడ్డంతా వినబడేలా అరిచాడు. "నువ్వు ముట్టుకున్న బండి ఒక్కటి తోసుకుంటూ వెనక్కొచ్చిందో, రేపట్నుంచి మీ అమ్మ దగ్గర కుండలు కడుక్కోవాల్సిందే!"

ఆ మాటకు అముగె గుండె గుభేలుమంది. మరి గుభేలుమనదా? వాళ్ళమ్మ కుమి ఊళ్ళో అజోన్, అదే రాగికల్లు, కాచడంలో పేరు మోసిన మనిషి. రాగులు నానబెట్టడం, మొలక కట్టడం, వేయించడం, పులియబెట్టడం, తాగి పాటలెత్తుకునే వాళ్ళను బయటికి గెంటడం, కుండలు కడగడం. పుట్టినప్పటి నుంచీ అముగెకు ఆ పులుపు వాసన తప్ప ఇంకో వాసన తెలియదు. సొరోటి రోడ్డు పక్కన మేస్త్రీ బైకులు బాగుచేసే షెడ్డులో మొదటిసారి పెట్రోలు వాసన పీల్చిన రోజు, అబ్బ, ప్రాణం లేచొచ్చింది. ఈ పని కోసం ఆమె ఎంతమందిని బతిమాలిందో, అమ్మతో ఎన్ని రోజులు మాటల్లేకుండా తిరిగిందో ఆ దేవుడికే ఎరుక. ఇది చెయ్యి జారితే ఇంకేముంది, బతుకంతా కుండలే. అందుకే పొద్దున్నంతా బుద్ధిగా పంక్చర్లు వేసింది, చైన్లు బిగించింది, కార్బ్యురేటర్లున్న వైపు చూడనైనా లేదు.

మధ్యాహ్నం ఎజోకు అనే తాత వచ్చాడు. వచ్చాడంటే బండి మీద కాదు, బండిని తోసుకుంటూ. కోటు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. ఎర్ర బండి ట్యాంకు పొడుగునా రబ్బరు బద్దలతో ఆయన అజోన్ పీల్చే గొట్టం కట్టి ఉంది. మనిషి పొడవుండే గొట్టం. ముందు లైటు దాటి కొమ్ములా పొడుచుకొచ్చింది.

"ఒకలేబో ఏడి?"

"చావింటికెళ్ళాడు తాతా. పొద్దుగూకేసరికి వస్తాడు."

"పొద్దుగూకేసరికా? నేనుకూడా చస్తా, ఒకేసారి రమ్మను!" తాత బండిని నిలబెట్టి నడుం పట్టుకున్నాడు. "న్గోరాలో మా వాళ్ళంతా కుండ చుట్టూ కూర్చున్నారమ్మాయ్. పెద్దవాణ్ణి, ముందు నా గొట్టం కుండలో పడాలి. అప్పటిదాకా ఎవడూ పీల్చకూడదు. మా ఇంట్లో అదీ పద్ధతి."

అంతలో జేబులో ఫోను మోగింది. అటువైపు మేనల్లుడి గొంతు ఇవతలి వాళ్ళకు కూడా వినబడింది. "మావా, ఎక్కడున్నావ్? కుండలో అజోన్ మీద వేణ్ణీళ్ళు పోసేశాం! గొట్టాలు చేతుల్లో పట్టుకుని కొంగల్లా కూర్చున్నాం!"

"వస్తున్నాన్రా, వస్తున్నా!" అని ఫోను పెట్టేసి అముగె వైపు చూశాడు తాత. పెద్దవాడు అలా చూస్తే ఎవరికి మాత్రం జాలి వేయదు?

"అసలేమవుతుంది తాతా బండికి?"

"బాగానే పోతుంది. కొంత దూరం పోయాక దగ్గుతుంది, గురకపెడుతుంది, ఆగిపోతుంది. కాసేపు కూర్చుంటే మళ్ళీ కాస్త కదులుతుంది. పోయిన పంటప్పుడు ఒకలేబో కార్బ్యురేటర్ మొత్తం కొత్తది వేశాడు. అయినా ఇదే రోగం."

అముగె ట్యాంకు మూత తీసి చూసింది. పెట్రోలు నిండుగా ఉంది. పైపు ఊడదీసింది. ధారగా కారింది. ప్లగ్గు విప్పి చూసింది, మెరుపు బాగానే కొడుతోంది. ఇక మిగిలిందేమిటి? కార్బ్యురేటరే! ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

చెట్టు కింద బేరం కోసం కూర్చున్న ఒసాకో, బోడా అనే బాడుగ బైకు నడిపేవాడు, అప్పటిదాకా పళ్ళు కుట్టుకుంటూ చూస్తున్నాడు. పని చేసేవాళ్ళకంటే చూసేవాడికే అంతా తెలుసు కదా! రేడియో ఇంకాస్త గట్టిగా పెట్టి, లేచొచ్చి చెప్పాడు. "జెట్టులో చెత్త. కళ్ళు మూసుకుని చెప్తా. విప్పేయ్ చెల్లీ."

"మేస్త్రీ ముట్టుకోవద్దన్నాడన్నా."

"మేస్త్రీ చావింట్లో ఉన్నాడు. బతికున్నవాళ్ళ సంగతి చూడవే!"

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆడ గొంతు. తాత చెల్లెలట. ఆమె ఏమందో తెలియదు కానీ, తాత ఫోనును చెవికి దూరంగా పట్టుకున్నాడు. అముగె పళ్ళు బిగించి స్క్రూడ్రైవరు అందుకుంది.

గోనెసంచి పరిచి, ఒక్కొక్కటే విప్పి వరసగా పెట్టింది. గిన్నె, ఫ్లోటు, సూది, సన్న కన్నాల జెట్లు రెండు. జెట్టును వెలుతురుకు ఎత్తి ఒంటికన్నుతో చూసింది. అవతల ఆకాశం శుభ్రంగా కనబడింది. అయినా నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించి ఊదింది. పెట్రోలు రుచికి ముఖం వంకరపోయింది. ఆ ఊదుడు హడావిడిలో ఎవరిదో కోడి వచ్చి మెరిసే చిన్న మరనొకదాన్ని ముక్కున కరుచుకుని పరుగు తీసింది. ఇక చూడండి, ముందు కోడి, వెనక అముగె, ఆ వెనక కోటు ఎగరేసుకుంటూ తాత. టమాటాల బుట్టలు దాటి, చెప్పులు కుట్టేవాడి కాళ్ళ మధ్యనుంచి దూరి, చివరికి ఒసాకో విసిరిన టోపీకి బెదిరి కోడి మరను వదిలేసింది. ఉమ్మి తుడిచి దాన్ని మళ్ళీ బిగించింది అముగె.

ఒక్క తన్నుకే బండి లేచింది! ఎంత హాయిగా మోగిందనుకున్నారు! అముగెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాత ఆమె తలమీద చెయ్యి పెట్టి, గొట్టం సరిచూసుకుని, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

"నేను చెప్పలా?" అన్నాడు ఒసాకో.

ఆ దుమ్ము సరిగ్గా అణగక ముందే రోడ్డు మలుపులో గొట్టం కొన కనబడింది. దాని వెనక బండి, బండి వెనక తోస్తూ తాత. తోసుకుంటూ వెనక్కొచ్చిన బండి! రేపట్నుంచి కుండలు! మేస్త్రీ చెవిన పడేలోపు ఎలాగైనా దీన్ని పంపించేయాలి.

"లోపం సూదిది," అన్నాడు ఒసాకో, ఏమాత్రం సిగ్గుపడకుండా. "జెట్టని నేననలేదే. సూది గాడి మార్చు."

అముగె మళ్ళీ మూత తీసి పెట్రోలు చూసింది, మళ్ళీ విప్పింది, సూది ఒక గాడి పైకి జరిపింది, మళ్ళీ బిగించింది. ఫోను మోగుతూనే ఉంది. కుండలో నీళ్ళు చల్లారుతున్నాయట, కాస్త వేడివి కలిపారట, చిన్నవాళ్ళెవరో ఆగలేక ఏడుస్తున్నారట. ఆ చిన్నవాడికి యాభై దాటాయని తాతే చెప్పాడు. బండి మళ్ళీ ఒక్క తన్నుకే లేచింది. తాత మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఎవరూ మురిసిపోలేదు.

కాసేపటికి ఒసాకో ఫోను మోగింది. తాతే. చిత్తడి నేల దగ్గర బండి ఆగిపోయిందట, తోసుకుంటూ వస్తున్నాడట.

"తోయొద్దని చెప్పన్నా!" అముగె అరిచేసింది. "అక్కడే ఉండమను! ఒక్క అడుగు కూడా వెయ్యొద్దను!" పానాలు చొక్కా జేబులో కుక్కుకుని ఒసాకో వెనకాల ఎక్కింది.

చిత్తడి నేల దగ్గర పాపిరస్ గడ్డి తప్ప మనిషి అలికిడి లేదు. తాత గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఫోను పక్కన బోర్లా పెట్టేశాడు, ఇక ఎత్తే ధైర్యం లేక. అముగె కార్బ్యురేటర్ మీద చెయ్యి వేయబోయి ఆగింది. అలవాటుగా ముందు ట్యాంకు మూత తిప్పింది.

హుస్స్‌స్!

అముగె ఉలిక్కిపడింది. షెడ్డు దగ్గర లారీల మోతలో, ఒసాకో రేడియోలో ఎన్నడూ వినబడని చప్పుడు. మూత బిగించింది. తీసింది. ఈసారి ఏమీ లేదు. బండిని తన్నింది. లేచింది! కార్బ్యురేటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు, అయినా లేచింది!

మూత తిరగేసి చూసింది. గాలి దూరే చిన్న కన్నం ఉండాలి కదా, అక్కడ నీలంగా ఏదో మెత్తి ఉంది. గోరుతో మొత్తం గీకేసి వాసన చూసింది. బట్టల సబ్బు.

"తాతా! ఇదెవరు పెట్టారు?"

"నేనే!" తాత ఏదో ఘనకార్యం చెప్పినట్టు ఛాతీ విరిచాడు. "ఆ కన్నంలోంచి పెట్రోలు చిమ్మి గొట్టానికంతా వాసన పట్టేదమ్మాయ్. కుండలో నా గొట్టం పెట్టగానే అందరూ ముక్కులు మూసుకునేవాళ్ళు. సొంత బామ్మర్ది దూరంగా కూర్చోమన్నాడు! అప్పుడు సబ్బు పెట్టా. ఎంత బాగా ఆగిందో!"

సరిగ్గా అప్పుడే సొరోటి వైపు నుంచి వస్తున్న లారీ ఒకటి కీచుమంటూ ఆగింది. చావింటి బట్టల్లో ఒకలేబో మేస్త్రీ దూకాడు. అముగె చేతిలో పానా, ఎదురుగా ఎజోకు తాత బండి. ఆయన కళ్ళెర్రజేశాడు.

"కార్బ్యురేటర్ ముట్టుకున్నావా?"

"రెండుసార్లు విప్పాను మేస్త్రీ." అబద్ధం ఆడదామనుకుంది, నోరు తిరగలేదు. "దాంట్లో ఏ లోపమూ లేదు. ట్యాంకుకు ఊపిరాడ్డం లేదంతే."

"ఊపిరేంటే? ట్యాంకేమన్నా మేకపిల్లా?"

అముగె తాతను బతిమాలి గొట్టం విప్పించింది. ఆయన గొట్టం ఆయనే పట్టుకోవాలి మరి, పరాయి చెయ్యి తగలకూడదు. కొన చిత్తడి నీళ్ళలో ముంచి, పై చివర బొటనవేలితో మూసి ఎత్తమంది. ఎత్తాడు. చుక్క కారలేదు. "ఇప్పుడు వేలు తియ్యి" అంది. నీళ్ళన్నీ బొళుక్కున మేస్త్రీ చావింటి బూట్ల మీద పడ్డాయి.

"పెట్రోలూ అంతే మేస్త్రీ. పైన గాలి పోకపోతే కిందికి దిగదు. మూత తీసినప్పుడల్లా గాలి పోయింది, బండి బాగైపోయిందని మనం మురిసిపోయాం."

ఒసాకో నోరెళ్ళబెట్టాడు. తాత మాత్రం మెల్లగా మేస్త్రీ వైపు తిరిగాడు. "అయితే ఒకలేబో, పోయిన పంటప్పుడు నువ్వు వేసిన కొత్త కార్బ్యురేటరు..."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. బూట్ల వైపు చూశాడు, గడ్డి వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అరుపులే తప్ప ఆయన నోట మాట రాకపోవడం అముగె ఎప్పుడూ చూడలేదు. ఆమెకు లోపల ఎక్కడో చివుక్కుమంది. ఎంతైనా తనకు పానా పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది.

"ఆయనా నాలాగే మోసపోయాడు తాతా," అంది. "మూత కింద సబ్బుంటుందని ఏ మేస్త్రీ కలగంటాడు? నువ్వు చెప్పావా, చెప్పలేదే!"

తాత ఆలోచించాడు. నిజమే కదా, చెప్పలేదు. ఫోను మళ్ళీ మోగింది. ఇక ఆలోచించే తీరిక లేక గొట్టాన్ని రైఫిల్‌లా వీపుకు అడ్డంగా కట్టుకుని, "ముంచకండ్రా, వస్తున్నా, ముంచకండి!" అని అరుస్తూ బండి ఎక్కాడు. గొట్టం చివర తగిలి ఒసాకో టోపీ నీళ్ళలో పడింది. బండి చిత్తడి దాటింది, అవతలి గుట్ట ఎక్కింది, మోత సన్నబడి వినబడకుండా పోయింది. ముగ్గురూ అలాగే నిలబడి చాలాసేపు చెవులు రిక్కించి విన్నారు. దగ్గు లేదు, గురక లేదు.

"నువ్వు ముట్టుకున్న బండి తోసుకుంటూ వస్తే ఏంచేస్తానన్నాను?" మేస్త్రీ అడిగాడు, ఇటు చూడకుండానే.

అముగె పానా జేబులో కుక్కుకుంది. "కుండలు కడుక్కోమన్నారు."

"వచ్చిందా?"

"ఒకసారి..." ఒసాకో అందుకోబోయాడు.

"నిన్ను అడగలేదురా!" మేస్త్రీ వాడి మీద కస్సుమని, బూట్లలోని నీళ్ళు ఒంపుకుంటూ అముగెతో అన్నాడు. "నేను చావింట్లో ఉన్నాను. నాకేమీ కనబడలేదు. పొద్దున్నే రా, రెండు కార్బ్యురేటర్లున్నాయి విప్పాల్సినవి. ముందు మూతలు చూసి విప్పుదాం."