పెంచల్ తీర్చిన ఆఖరి పంచాయితీ

కువైట్‌లోని అబ్బాసియాలో రాజంపేట, కోడూరు మనుషులకు ఏ గొడవొచ్చినా పెంచల్ దగ్గరికే వచ్చేవారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ జీతం ఆపినా, పాస్‌పోర్టు బిగబట్టినా, శుక్రవారం పొద్దున పెంచల్ గదిలో చాప మీద కూర్చుని చెప్పుకునేవారు. అన్నిటికీ అతని వైద్యం ఒకటే. పనిమనిషి తగ్గాలి, కఫీల్ చల్లబడాలి. "తప్పయిపోయింది బాబా అను. వాళ్లకు కావాల్సింది ఆ మాటే" అనేవాడు. ఏళ్ల తరబడి అరబ్బుల ఇళ్లలో డ్రైవరుగా ఉండి నేర్చుకున్న విద్య అది. నిజం చెప్పాలంటే చాలాసార్లు పనిచేసింది కూడా. పనిచేయడమే కొంప ముంచింది.

సుధారాణి అతనికి వరసకు అన్న కూతురు. అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, పగలంతా తన దగ్గర చేయించుకుని, సాయంత్రం చెల్లెలి ఇంటికి పనికి తోలేది. బయటికి పోతే సుధారాణిని లోపల పెట్టి తాళం వేసుకునేది. ఫోను కూడా లాక్కుంది. ఒకరోజు ఆమె తాళం మరిచిపోతే సుధారాణి కట్టుబట్టలతో బయటపడి నేరుగా ఎంబసీకి చేరింది. కఫీల్ మాత్రం పనిమనిషి పారిపోయిందని కేసు పెట్టాడు. ఆ కేసు నిలబడితే వేలిముద్రలు తీసుకుని ఇండియాకు పంపేస్తారు, మళ్లీ కువైట్ గడప తొక్కనివ్వరు. కోర్టు దాన్ని కొట్టేస్తే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే పర్మిట్టు, వేరే ఇంటికి మార్చుకోవచ్చు. హవల్లీలో ఒక టీచరమ్మ ఆమెను పెట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. సుధారాణి మొగుడు పోయిన మనిషి, కూతురి చదువుతో సహా ఇల్లంతా ఆమె రెక్కల మీదే నడుస్తోంది.

ఎంబసీ పెట్టిన లాయరు జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు. పెంచల్‌కు అది నచ్చలేదు.

"లాయరుకేం మే, అయిపోతానే కారెక్కి పోతాడు. ఆ జడ్జి యెవురు? వాళ్లోడు. కఫీల్ యెవురు? వాళ్లోడే. ఇద్దురూ ఒకే దివానియాలో కూసోని గహ్వా కాఫీ తాగేటోళ్లు. వాళ్లింటి ఆడమనిషి మీద నువ్వు చెప్తే ఇంటాడా? తాళం ఊసు ఎత్తొద్దు. ఇంటి మీద బెంగతో వచ్చేసినా, తప్పు నాదే, బాబా మన్నించల్ల అను. కఫీల్ చల్లబడితే కేసు ఆ పొద్దే ఖలాస్."

సుధారాణి తలూపింది. చిన్నాయన మాట ఆమె ఎప్పుడూ కాదన్నది లేదు.

వాయిదా రోజు కోర్టులో చూస్తే జడ్జి బక్కపలచటి మనిషి, ముఖంలో నవ్వనేది లేదు. కఫీల్ వెంట వాళ్లన్న వచ్చాడు, ఏదో పెద్ద హోదాలో ఉన్నవాడు. అతను తిన్నగా జడ్జి బల్ల దాకా పోయి కుశలం అడగబోయాడు. జడ్జి తలెత్తకుండానే రెండు ముక్కలన్నాడు. ఆ పెద్దమనిషి ముఖం మాడ్చుకుని వెనక బెంచీకి వచ్చి, డ్రైవరు పెంచల్ పక్కన కూర్చోవలసి వచ్చింది. కళ్లున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచిస్తాడు. పెంచల్ మాత్రం అదంతా జనం కోసం ఆడే నాటకమనుకున్నాడు.

సుధారాణి నేర్చుకున్న పాఠం అప్పజెప్పింది. కోర్టు దుబాసీ సిరాజ్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. లాయరు రాసిన అర్జీలో తాళం సంగతి ఉంది, ఈమె నోట లేదు. జడ్జి కలం పక్కన పెట్టాడు. నిన్ను ఇంట్లో పెట్టి తాళం వేశారా, వేరే ఇంట్లో పని చేయించారా, ఇక్కడ నిన్నెవరూ ఏమీ చేయలేరు, భయపడకుండా చెప్పమని అడిగించాడు. ఆమె వెనక్కి తిరిగి పెంచల్‌ను చూసింది. జడ్జి ఆ చూపు కూడా గమనించాడు. కాసేపు బయట కూర్చుని, ఆలోచించుకుని రమ్మన్నాడు.

వరండాలో లాయరు నెత్తి పట్టుకున్నాడు. సుధారాణి పెంచల్ దగ్గరికి వచ్చింది.

"ఆయప్పను చూస్తే ఇనేటోని మాదిరుండాడు చిన్నాయనా. నిజం చెప్పేసేదా?"

"వద్దు మే. నీ నోట్లోంచి మాట రాబట్టి కఫీల్‌కు అప్పజెప్పల్లని చూస్తాండాడు. చెప్పినదాని మీదే నిలబడు."

ఆమె లోపలికి పోయి తప్పంతా తనదేనంది. పెంచల్ వైద్యం అచ్చం అనుకున్నట్టే పనిచేసింది. కఫీల్ నిజంగానే చల్లబడ్డాడు. లేచి నిలబడి, పోనివ్వండి, నేను మన్నించానన్నాడు. పెంచల్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

జడ్జి కఫీల్‌ను కూర్చోమన్నాడు. తర్వాత ఆయన చెప్పినదాన్ని సిరాజ్ తన హైదరాబాదు తెలుగులో సుధారాణికి చెప్పాడు.

"సార్ ఏమంటున్నడంటే, కఫీల్ కోపం చూసి తీర్పు ఇయ్యను, ఆయన దయ చూసి కూడా ఇయ్యను అంటున్నడు. కేసు వాపసు తీసుకునే గడువు అయిపోయింది. నువ్వు ఇల్లు విడిచిపోవడానికి కారణం ఉందా లేదా, నేను చూసేది అదొక్కటే అంటున్నడు. లేదని నువ్వే రెండుసార్లు చెప్పినవమ్మా."

కేసు నిలబడింది. పై కోర్టుకు పోయినా ఆమె నోటి మాటే ఆమెకు అడ్డమొస్తుందని లాయరు తేల్చేశాడు.

కఫీళ్లలో ఎవడు ఎప్పుడు కరుగుతాడో పెంచల్‌కు కొట్టిన పిండి. ఎవడు కరిగినా కరగకపోయినా నిమిత్తం లేని చోటు ఒకటుంటుందని మాత్రం బుర్రకు తట్టలేదు. ఎవరికీ వంగని మనిషి ఎదురుగా కూర్చుని, కావాలని ఆపి మరీ అడిగితే, పిల్ల నోరు తనే మూయించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాతి శుక్రవారం ఎవరో పంచాయితీకి వస్తే, తనకేమీ తెలియదని చెప్పి పంపేశాడు.

దేశం దాటించే ముందు ఆమెను ఉంచిన చోటికి ఒక జత బట్టలు, బిస్కెట్లు పట్టుకుని పోయాడు. సుధారాణి చిక్కిపోయింది. ఊళ్లో అందరూ బాగున్నారా అని అడిగింది, టీచరమ్మకు తను రావడం లేదని చెప్పమంది.

"ఒక మాట అడుగుతా చిన్నాయనా. నిజం చెప్పింటే ఆయప్ప ఇనింటాడా?"

వినేవాడు కాదులే అంటే ఆమెకు కాస్త ఊరట. తనకు ఇంకా ఎక్కువ ఊరట. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెంచల్ దాన్ని మింగేశాడు.

"ఇనింటాడు మే" అన్నాడు.

సుధారాణి బట్టల సంచి చేతికి తీసుకుంది.

"అట్లయితే ఆ పొద్దు నిన్ను అడగకుండా ఉండల్సింది" అని, పిలుస్తున్న పోలీసామె వెంట లోపలికి పోయింది.