అల్లుడి ముందు ఒప్పుకున్న తప్పు

పెళ్లయిన కొత్తలో ఆ దర్జీ దంపతులు పోట్లాడుకుంటే వీధి వీధంతా వినిపించేది. ఆయన కోపం చేతుల్లో ఉండేది, ఆమె కోపం నోట్లో. ఆయన గ్లాసు విసిరితే, ఆమె ఆయన తండ్రితో మొదలుపెట్టి వంశం మొత్తాన్నీ కడిగేసేది.

రెండో ఏడు, ఎవరి కోటుకో చేతులు పొట్టిగా కత్తిరించాడన్న గొడవలో ఆయన ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు. ఆమె ఏడవలేదు, పుట్టింటికీ పోలేదు. తలుపు బార్లా తెరిచి, "బయటికి నడవండి. ఆ చెయ్యి మీ మాట వినడం నేర్చుకున్నాక రండి" అంది.

పదకొండు రోజులు ఆయన కొట్లోనే పడుకున్నాడు. పన్నెండో రోజు పొద్దున్నే వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"ఇంకోసారి జరిగితే నువ్వు చెప్పక్కర్లేదు, నేనే పోతా."

"నేనూ మీ నాన్న జోలికి రాను" అంది ఆమె.

మాటైతే ఇచ్చాడు గానీ, ముక్కు మీది కోపం ఒక్కరోజులో దిగుతుందా? అది తలకెక్కేలోపే చెప్పులేసుకుని వీధిలో పడేవాడు. మొదట్లో గంటసేపు తిరిగితే గానీ చల్లారేది కాదు. తర్వాత తర్వాత వీధి మలుపు దాకా వెళ్లొస్తే చాలు. ఆమె కూడా నోటిదాకా వచ్చిన మాటని ఎన్నిసార్లు మింగిందో! ముప్ఫై ఏళ్లు గడిచేసరికి, కిటికీ తెరవాలా మూయాలా అన్న కీచులాటలే మిగిలాయి.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కూతురు ఒంటరిగా వచ్చింది. మోచెయ్యి కమిలిపోయి ఉంది. భర్త గోడకేసి తోశాడట. గంట తిరక్కుండా అల్లుడూ దిగాడు.

"చిన్న విషయం మామయ్యగారూ. ఇద్దరం కోపంలో ఉన్నాం, అంతే."

తల్లి నోరు విప్పబోయింది. ఈలోగా ఆయన కత్తెర పక్కన పెట్టాడు.

"నేనూ చిన్న విషయమనే అనుకున్నా బాబూ, మీ అత్తయ్యని కొట్టినప్పుడు."

కూతురు తెల్లబోయింది. ఆయన పరువు పోతుందని ఆమె ఇన్నేళ్లూ కూతురికి కూడా చెప్పని సంగతది.

"వయసొస్తే అదే తగ్గుతుందంటారు. తగ్గదు. మీ అత్తయ్య నన్ను గెంటేసింది కాబట్టి బాగుపడ్డా. అమ్మాయి ఇక్కడే ఉంటుంది. వస్తుందో రాదో అదే చెబుతుంది. ఈలోపు తొందరపెట్టకు."

ఆయన తల దించలేదు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న ఆ మొహాన్నే ఆమె కళ్లార్పకుండా చూసింది. ఈయన నా మొగుడు అనుకుంటే ఆమెకి గుండె నిండిపోయింది.

అల్లుడు ఆ రోజు మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత వచ్చి, కూతురి ఎదుట నిలబడి, "తప్పు నాదే" అన్నాడు.

"సరే, విన్నాను. ఇంకా ఆలోచించుకోవాలి" అంది కూతురు.