వాగుకి వెళ్లిన గురువారం

ఆ టీచరు దగ్గర ఇరవై ఇద్దరు పిల్లలుండేవాళ్లు. అందరూ ఐదారేళ్ల వాళ్లే. చెప్పిన మాటని చెప్పినట్టే నమ్మేసే వయసు. నీళ్లు వృథా చేయకూడదని ఆవిడ సోమవారం చెబితే, మంగళవారానికల్లా ఒక ఇంట్లో నాన్న సగం గీసిన గడ్డంతో కొళాయి ముందు నిలబడిపోయాడు. కూతురు వచ్చి కొళాయి కట్టేసి, "మగ్గులో పట్టుకో" అని హుకుం జారీ చేసింది మరి. 'ప్రశ్నల మూట' అని అందరూ పిలిచే పిల్లాడు ఇంకో అడుగు ముందుకేసి, భూమిని కాపాడటం కోసం రెండు రోజులు స్నానమే మానేశాడు. వాళ్లమ్మ వాడి చెవి పట్టుకుని బడికి లాక్కొచ్చి, "స్నానం చేస్తే భూమికి ఏమీ కాదని మీరే చెప్పండి టీచర్, నా మాట వీడి తలకెక్కట్లేదు" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే టీచరు వాళ్ల నాన్న కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పట్నించి తల్లీ తండ్రీ ఆయనే. ఇనుప సామానుకి మెరుగు పూత వేసే ఫ్యాక్టరీలో, వాడేసిన నీళ్లు బయటికి తీసుకెళ్లే ట్యాంకర్ లారీ డ్రైవరు. కూతురికి జడ వేయడం రాక, మొదట్లో లారీ మీద సరుక్కి తాడు కట్టినట్టు బిగించి కట్టేవాడు. బడిలో పిల్లలు నవ్వారని తెలిసి, పక్కింటావిడ దగ్గర కూర్చుని మూడు పాయల జడ నేర్చుకున్నాడు. ఆ పిల్ల టీచరయిన రోజున ఫ్యాక్టరీ గేటు దగ్గర కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. రెండేసిసార్లు విన్నవాళ్లు కూడా ఉన్నారు.

తరగతిలో చేపల తొట్టి ఆయన తెచ్చిచ్చిందే. వానల్లో పిల్లలు బడి వెనక వాగులోంచి సీసాల్లో చేపపిల్లల్ని పట్టుకొచ్చారు, కనుబొమ్మ వెంట్రుకంత సన్నంగా ఉన్నాయవి. వాటిని పెట్టడానికి ఏమీ లేదని కూతురు దిగులుపడితే, ఆయన పాత సామాన్ల కొట్లో పగిలిన గాజు తొట్టి ఒకటి వెతికి, ఆదివారమంతా కూర్చుని అతుకులు వేసి, నీళ్లు కారట్లేదని మూడుసార్లు పరీక్ష చేసి మరీ ఇచ్చాడు. పిల్లలు తలా ఒక చేపని పంచుకున్నారు. నాలుగు నెలల్లో అవి వేలెడంత అయ్యాయి. ఎండాకాలం ముదరకముందే వాటిని తిరిగి వాగులో వదిలేయాలని టీచరు చెప్పింది. "మనవి కావా?" అని ప్రశ్నల మూట అడిగాడు. "వాగువి. మనం కొన్నాళ్లు చూసుకున్నామంతే" అంది ఆవిడ.

చిన్నప్పుడెప్పుడో ఆవిడ, "నీ లారీలో నీళ్లు ఎక్కడ పోస్తావు నాన్నా?" అని అడిగింది. "ఊరవతల శుద్ధి చేసే చోటుంది, అక్కడ" అన్నాడాయన. ఆ తర్వాత మళ్లీ అడగాల్సిన అవసరం ఆవిడకి కనపడలేదు.

చేపల్ని వదలడం శుక్రవారం అనుకున్నారు. ఆ వారమంతా ఇంట్లో అదే మాట. తీరా గురువారం పొద్దున బడికి వెళ్లేసరికి పెద్ద టీచరు ఎదురొచ్చి, "రేపు తనిఖీకి వస్తున్నారట. పిల్లల్ని ఇవాళే తీసుకెళ్లి వచ్చెయ్ తల్లీ" అంది. మార్చడానికి ఏముంది? వాగు ఎక్కడికీ పోదు. నాన్న అప్పటికే తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయనకి ఫోన్ చేసి చెప్పాలన్న ఆలోచన కూడా ఆవిడకి రాలేదు. ఎందుకొస్తుంది?

పదిన్నరకి బయల్దేరారు. పిల్లలంతా ఒక పొడవాటి తాడు పట్టుకుని వరసగా, రెండో చేతిలో చేప ఉన్న గ్లాసు, మెడలో మంచినీళ్ల సీసా. వెనక ఆయా. ఎండలకి వాగు సన్నబడి, రాళ్ల మధ్య అక్కడక్కడ మడుగుల్లా నిలిచి ఉంది. ఒడ్డు వెంట గడ్డి కొంచెం పసుపు తిరిగి ఉంది. ఎండ వల్లేననుకుంది టీచరు. ఒక్కొక్కళ్లూ వంగి, గ్లాసు వంచి, "పో, పో" అంటూ చేపని వదిలారు.

ఆ పిల్లల్లో గువ్వ అని ఒక పాప ఉండేది. గొంతు పైకి వినపడని పిల్ల కాబట్టి ఆయా పెట్టిన పేరది. వాళ్లమ్మ బట్టలు కుట్టేది, తండ్రి లేడు. గువ్వ చేపకి తోక చివర కొంచెం చిరిగి ఉండేది. దాన్ని ఒడ్డున వదలడానికి గువ్వకి మనసొప్పలేదు. "ఇక్కడైతే కాకి తినేస్తుంది టీచర్. లోపలికెళ్లి వదులుతా" అంది.

"రెండే అడుగులు. చెప్పులు విప్పి వెళ్లు" అంది టీచరు.

గువ్వ చీలమండల లోతు నీళ్లలో దిగి, ఒంగుని, చేపతో ఏదో మాట్లాడుతూ ఉండిపోయింది. ఇంతలో ప్రశ్నల మూట గట్టిగా అడిగాడు: "టీచర్, ఇవన్నీ వెల్లకిలా ఎందుకు ఈదుతున్నాయి?"

టీచరు అటు చూసింది. తెల్లటి పొట్టలు పైకి తిరిగి ఉన్నాయి. ఏమిటో అర్థమయ్యేలోపే గువ్వ ఏడుపు వినపడింది. ఎప్పుడూ గొంతు లేవని పిల్ల, గుండె చీలిపోయేలా అరిచింది. అంతసేపూ మండుతున్నా ఓర్చుకుందట. చేప ఇంకా చేతిలోంచి వెళ్లలేదని.

టీచరు ఉన్నపళాన నీళ్లలోకి దూకి పిల్లని ఎత్తుకుంది. ఆవిడ కాళ్లు కూడా నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. ఒడ్డున కూర్చోబెట్టి, ఇరవై రెండు సీసాల మంచినీళ్లూ ఆ చిన్న పాదాల మీద పోసింది. పిల్లలు ఏడుస్తూనే సీసాల మూతలు తీసి అందించారు. ఆయా ఆటో కోసం రోడ్డు మీదకి పరిగెత్తింది.

ఆస్పత్రిలో డాక్టరు చూడగానే యాసిడ్ అన్నాడు. ఎవరో ఎగువన పోశారని, కుడి పాదం మానుతుందని, ఎడమ దానికి తొడ దగ్గర చర్మం తీసి అతకాలని చెప్పాడు. గువ్వ తల్లి మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. టీచర్ని తిట్టలేదు, కొట్టలేదు. "మీ చేతిలో పెట్టి పంపాను టీచర్" అంది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకి.

సాయంత్రం కాళ్లకి కట్లతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తండ్రి కంగారుపడ్డాడు. జరిగింది చెబుతుంటే మధ్యలో ఆపి, "ఎప్పుడు?" అన్నాడు.

"ఇవాళే నాన్నా. పొద్దున."

"శుక్రవారం అన్నావుగా?"

"మార్చారు. అయినా ఏ రోజైతే ఏముంది?"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. పిల్లకి జరిగినదానికి తల్లడిల్లుతున్నాడని అనుకుందావిడ. మూడు రోజులు కూతుర్ని ఆస్పత్రికి ఆయనే తీసుకెళ్లాడు, కానీ మెట్లెక్కలేదు. పళ్లూ పాలూ కొనిచ్చి, "నువ్వు వెళ్లిరా తల్లీ" అని కింద నిలబడిపోయేవాడు.

మూడో రోజున గువ్వ మందుల మత్తులోంచి కళ్లు తెరిచి టీచర్ని చూసింది. "టీచర్, నా చేప వెళ్లిపోయిందా?" అంది.

వెళ్లిపోయిందని చెప్పడం ఎంత సులువు! నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్లకి ఆవిడ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. "లేదు గువ్వా. చచ్చిపోయింది. అన్నీ చచ్చిపోయాయి."

గువ్వ గోడవైపు తిరిగి, చప్పుడు లేకుండా ఏడ్చింది. టీచరు ఆ చిన్న వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

సోమవారం బడిలో పిల్లలు చుట్టుముట్టారు. "ఎవరు పోశారు టీచర్?" అని ఒకటే గోల. "తెలీదురా. ఎవరు పోసినా వచ్చి ఒప్పుకోవాలి, అప్పుడే ఇంకోసారి జరగదు" అని చెప్పింది. ఇంటికొచ్చి వంటింట్లో ఆ మాటే తండ్రితో అంది. ఆయన పళ్లెం కడుగుతున్నాడు. కడగడం ఆపి, కొళాయి కట్టేసి, అటు తిరిగే నిలబడ్డాడు.

"నేనే పోశాను తల్లీ" అన్నాడు.

ఆవిడకి మొదట ఆ మాట వినపడింది గానీ అర్థం కాలేదు.

"శుద్ధి చేసే చోటు రెండు గంటల దారి. అక్కడ గేటు దగ్గర ఇంకో రెండు గంటలు. మధ్యాహ్నంలోగా మళ్లీ బండి కావాలంటాడు సూపర్‌వైజరు. ఎట్లా తెస్తావని అడగడు, వాడికి తెలుసు. ఎప్పుడూ కింద వంతెన దగ్గర వదిలేవాణ్ణి. ఆ రోజు అటు రోడ్డు తవ్వారు. అందుకని పైన వదిలాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నీ చిన్నప్పట్నించి."

"పిల్లలు వాగుకి వెళ్తారని నీకు తెలుసు కదా నాన్నా! రోజూ చెప్పానే! తొట్టి నువ్వే చేసిచ్చావే!"

"తెలుసు కాబట్టే గురువారం పోశాను" అన్నాడాయన. "శుక్రవారానికి కొట్టుకుపోతుందనుకున్నా. మీ పిల్లలకి ఏమీ కాకూడదనే లెక్కేసుకున్నా తల్లీ."

ఆవిడ ఆ మాటే లోపల అనుకుంది. మా పిల్లలకి ఏమీ కాకూడదు. అయితే మిగతా రోజుల్లో? మిగతా పిల్లలకి? వాగుకి? ఇన్నేళ్లూ తనకి అన్నం పెట్టి, జడ వేసి, చదివించిన చేతులు ఆ వాల్వు తిప్పిన చేతులే. ఆయన్ని అసహ్యించుకోవాలనుకుంది, చేతకాలేదు. దగ్గరికి వెళ్లి పట్టుకోవాలనుకుంది, అదీ చేతకాలేదు.

చివరికి ఆయనే అన్నాడు: "నువ్వు రాసిపెట్టు. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను."

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్లో బల్ల ముందు కూర్చుని ఆవిడ తన చేత్తోనే రాసింది. పిల్లలకి అక్షరాలు దిద్దించే గుండ్రటి దస్తూరితో, తేదీ, బండి నంబరు, తండ్రి పేరు. చివరికొచ్చేసరికి అక్షరాలు వంకర్లు పోయాయి. ఆయన కింద సంతకం పెట్టి, కలం మూత జాగ్రత్తగా పెట్టి తిరిగిచ్చాడు.

ఫ్యాక్టరీ యజమాని తనకేమీ తెలీదని, డ్రైవరు బద్ధకించి చేసిన పని అని చెప్పాడు. సూపర్‌వైజరు కూడా అదే చెప్పాడు. రాసి ఇచ్చిన ఆదేశం ఎక్కడా లేదు. ఫ్యాక్టరీని పదకొండు రోజులు మూశారు, తర్వాత తెరిచారు. తండ్రికి రెండేళ్ల జైలు పడింది.

పిల్లలకి వేరే ఎవరో చెప్పేలోపు తనే చెప్పాలని టీచరు నిర్ణయించుకుంది. పెద్ద టీచరు వద్దని చెవినిల్లు కట్టుకుని పోరినా వినలేదు. ఖాళీ తొట్టి పక్కన చిన్న కుర్చీలో కూర్చుని, "యాసిడ్ నీళ్లు పోసింది మా నాన్న" అంది.

ప్రశ్నల మూట చెయ్యెత్తాడు. "మీ నాన్నకి భూమి గురించి ఎవరూ చెప్పలేదా టీచర్?"

"నేను చెప్పాను. రోజూ చెప్పాను."

"మరి?"

టీచరు తల దించుకుంది. వాడు లేచి తన చోటు మార్చుకుని ఆవిడకి కొంచెం దూరంగా కూర్చున్నాడు. కోపంతో కాదు, భయంతో. అది ఆవిడకి తెలిసింది. ఆ నెలలో ఆరుగురు పిల్లలు బడి మానేశారు. గువ్వని వాళ్లమ్మ వేరే బడిలో చేర్చింది. సామాను తీసుకోవడానికి వచ్చినప్పుడు, "మీరు నిజం చెప్పారని తెలుసు టీచర్. కానీ మిమ్మల్ని చూస్తే నాకు పాప అరుపే వినపడుతోంది" అంది. ఆ తల్లి మాటలో తప్పేమీ లేదు.

ఆర్నెల్లు టీచరు జైలు వైపు వెళ్లలేదు. ఒక ఆదివారం వెళ్లింది. ఇనప జాలీ అవతల తండ్రి సగానికి సగం అయిపోయి ఉన్నాడు. ఆయన ముందుగా అడిగింది పాప గురించే.

"నడుస్తోంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. నీళ్లంటే భయపడుతోందట. స్నానానికి కూడా ఏడుస్తుందని ఆయా చెప్పింది."

ఆయన నుదురు జాలీకి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఆవిడ, "నేను క్షమించడానికి రాలేదు నాన్నా" అంది.

"తెలుసు తల్లీ."

"ఉండలేక వచ్చాను."

ఆయన తలూపాడు. గంట కొట్టారు. వార్డరు వచ్చి ఆయన భుజం తట్టాడు. వెళ్తూ ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే కూతురు ఏడుస్తుందనుకున్నాడేమో. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డ జనంలో ఆవిడ ఏడ్చింది. చుట్టూ ఎవరున్నారో, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, పసిపిల్లలా, వెక్కి వెక్కి ఏడ్చింది.