సౌరభి కట్టిన తోరం

తేనె పడవలు అడవికి బయల్దేరే రోజున, పులికి చిక్కి పోయినవాడి పెళ్లాం రేవు ఛాయలకు రాకూడదు. సుందర్‌బన్‌లో మా దీవి కట్టుబాటు అది. అలాంటిది సౌరభి, మమ్మల్ని పులి నుంచి కాచే అడవితల్లి బొన్‌బీబీ గుడి నుంచి తెచ్చిన ఎర్ర తోరం పట్టుకుని, చీర ఎగదోపుకుని బురదలో తిన్నగా వచ్చేసింది. తన తమ్ముడు నిబారణ్ మొదటిసారి వెళుతున్నాడు. వాడికి తోరం కట్టాలి, అంతే.

"ఎక్కడికే?" నేనే అడ్డం పడ్డాను. నా మొగుడు గోకుల్ కూడా అదే పడవలో ఉన్నాడు మరి. "నీ మొగుణ్ణి మింగింది చాలలేదా?"

నా నోరు అలాంటిది. మిగతా ఆడవాళ్లూ వంత పాడారు. మగాళ్లు అడవిలో ఉన్నన్నాళ్లూ ఇల్లాలు తల దువ్వకూడదు, పగలు పొయ్యి రాజెయ్యకూడదు. సౌరభి ఏదో తప్పు చేసిందని, అందుకే పులి వచ్చిందని ఊరంతా అనుకునేదే.

పులి నోరు కట్టే మంత్రం తెలిసిన మోతలేబ్ చాచా పడవకు పెద్ద. "వెళ్లిపో తల్లీ. వీళ్లు భయపడుతున్నారు. భయంతో అడవిలో కాలు పెట్టకూడదు," అన్నాడు.

"కట్టకుండా కదలను చాచా. నేను తల దువ్వలేదు. పొయ్యి వెలిగించలేదు. చద్దన్నం తిని బొన్‌బీబీ అమ్మనే తలుచుకుంటూ కూర్చున్నా. అయినా ఆయన రాలేదు. అంటే అమ్మన్నా అబద్ధం కావాలి, మీ మాటన్నా అబద్ధం కావాలి. అమ్మని అనను. నన్ను ఇక్కడే నరికినా అనను."

పడవలోంచి గోకుల్ నావంక చూసి నవ్వాడు.

"పోయినేడు నేనొచ్చేసరికి నీ తల నున్నగా దువ్వి ఉందేమే? నన్ను ఏ పులీ ముట్టలేదే!"

సిగ్గుతో చచ్చిపోయాను. పేలు కొరుక్కు తింటుంటే ఏం చెయ్యను?

"వాణ్ణి దిగనివ్వండి, కట్టించుకుంటాడు," అన్నాడు గోకుల్. "వాడి పక్కన నేను కూర్చుంటా."

చాచా తలూపాడు. నిబారణ్ బురదలోకి దూకి చెయ్యి చాచాడు.

అంతసేపు అంత మాట్లాడిందా, తోరం చుట్టేటప్పుడు సౌరభి రెండుసార్లు కొస జారవిడిచింది. ముడి పడటం లేదు. నాకు భయం పోయిందా అంటే పోలేదు. అలాగే వెళ్లి రెండో కొస పట్టుకున్నాను.

"గట్టిగా లాగవే," అన్నాను.