పాషాగారి సేవ

పురుగుల డబ్బా మూత తీయగానే కడుపులో దేవుతుంది. ఫ్రిజ్‌లో తెల్లజున్ను పక్కనే ఉంటుంది ఆ డబ్బా. ఒకప్పుడు అందులో హల్వా ఉండేది. ఇప్పుడు తవుడులో పచ్చటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. కాల్షియం పొడి చల్లి, ఒక్కోదాన్నీ పట్టకారుతో పట్టుకుని పాషా మూతి ముందు ఆడించాలి. చచ్చిన పురుగైతే పాషాగారు ముట్టరు. గాజుపెట్టెలో ఎప్పుడూ ఒకే మూల రెట్ట వేస్తారు, అదొక్కటే ఆయనగారి మర్యాద. దాన్ని గీకేది నేను. చర్మం విడిచినప్పుడు తన తోలు తానే తినేస్తారు. కాలివేళ్ళకి అతుక్కున్న ముక్కల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి దూదిపుల్లతో ఊడదీసేదీ నేనే. ఛీ! ఆ చేత్తోనే మళ్ళీ రొట్టె విరుచుకోవాలి.

పాషా అంటే మచ్చల బల్లి. మా ఆయన వగ్దీ ముచ్చటపడి కొన్నాడు. మా అలెగ్జాండ్రియాలో గోడమీద బల్లి కనిపిస్తే ఆడవాళ్ళ చెయ్యి ముందు చెప్పు కోసం వెతుకుతుంది. నేను మాత్రం బల్లికి స్నానం చేయిస్తున్నాను.

వగ్దీ దాన్ని ఇంతవరకు ముట్టుకున్న పాపాన పోలేదు. స్నేహితులకి వీడియోలు మాత్రం పంపుతాడు. "ఇబ్తిహాల్, ఉంగరం తియ్యి. ఆ గాజులు కూడా" అని తన చొక్కా నాకు తొడిగిస్తాడు. నా అరచేతిలో పాషా కూర్చుంటుంది, ఫోన్ వెనకనుంచి అతని గొంతు వినిపిస్తుంది: "చూశారా, మా అబ్బాయికి నా చెయ్యి తప్ప ఇంకెవరిదీ పడదు!" మొదటిసారి నవ్వొచ్చింది. తరవాత తరవాత ఆ చొక్కా విప్పి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నా ఒంటి జలదరింపు పోయేది కాదు.

పెళ్ళికి ముందు మన్షియా బజారులో మేడమ్ ఒదెత్ దగ్గర పెళ్ళిగౌన్లకి పూసలు కుట్టేదాన్ని. మొన్న ఆవిడే ఫోన్ చేసింది. "శనివారం నుంచి వచ్చెయ్యి పిల్లా. రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటాను, మళ్ళీ నన్ననకు" అంది. ఆ పనికోసం నా ప్రాణం ఎంత కొట్టుకుందో నాకే తెలుసు. వగ్దీ ఏమన్నాడు? "వెళ్ళు, నేనేమైనా కాదన్నానా? కానీ పాషాని ఎవరు చూస్తారు? పొద్దున్నే పెట్టెలో వేడి చూడాలి, నీళ్ళు చిలకరించాలి. నోరులేని ప్రాణి, కాస్త జాలి ఉండక్కర్లేదా?" నాకూ నోరు లేదని అతని ధీమా.

గురువారం మా అత్తగారు ఊరినుంచి దిగింది. ఆవిడ కంటపడకుండా గాజుపెట్టె మీద దుప్పటి కప్పి ఉంచమని నాకు చెప్పి వగ్దీ ఆఫీసుకి వెళ్ళాడు. ఆవిడ ఊరుకుంటుందా? దుప్పటి మడతపెడదామని లాగింది. వీధి చివరిదాకా వినపడేలా కేకేసి, నేరుగా వంటింట్లోకి పరుగెత్తింది.

"ఉప్పెక్కడ పెట్టావే? బల్లున్న ఇంట్లో ఉప్పు ఉంచుకుంటారా? అది ఉప్పులో పొర్లుతుంది! ఆ ఉప్పు తింటే ఒళ్ళంతా తెల్లమచ్చలు తేలతాయి!"

"పెట్టెలోంచి అది బయటికి రాదు అత్తయ్యా..."

"నువ్వు నాకు చెప్పొచ్చావా?"

ఉప్పుడబ్బా ఖాళీ అయింది. ఊరేసిన నిమ్మకాయలు పోయాయి. ఆ తెల్లజున్ను కూడా చెత్తలోకే పోయింది. పురుగుల డబ్బా మాత్రం ఆవిడ తెరవలేదు, నా అదృష్టం.

మధ్యాహ్నం వగ్దీ వచ్చి బెండకాయ కూరలో రొట్టె ముంచి నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించాడు. "ఉప్పేది? పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు, కూరలో ఉప్పెయ్యడానికి కూడా తీరిక లేదా?"

"ఉప్పు నేనే పారబోశాను" అంది అత్తగారు. "ఆ గాజుపెట్టెలో దరిద్రం ఎవరిదిరా?"

వగ్దీ నావైపు చూడనైనా చూడలేదు. "ఇబ్తిహాల్‌దే అమ్మా. పొద్దుపోవట్లేదని ఏడిస్తే పోనీలే అని ఊరుకున్నాను."

అత్తగారు కాలిచెప్పు తీసింది. "చంపెయ్యరా. బల్లిని ఒక్క దెబ్బకే చంపితే ఎక్కువ పుణ్యమంటారు."

అతను చెప్పు అందుకుని నా ఒళ్ళో పెట్టాడు. "నువ్వే కొట్టు. ముట్టుకోవడం నీకు అలవాటేగా."

అలవాటు! అసహ్యాన్ని గుటకలు గుటకలుగా మింగి, గిన్నె కడిగినట్టు మొహం కడుక్కుని మళ్ళీ పట్టకారు పట్టుకోవడాన్ని ఈ మనిషి అలవాటంటున్నాడు. పెంచాలన్నా నా చెయ్యే, చంపాలన్నా నా చెయ్యే. పాపం, పాషా తన తోలు తాను తింటుంది, ఇంకొకరి చేతుల్ని తనవని చెప్పుకోదు. ఇన్నాళ్ళూ నాకు డోకొచ్చింది పురుగుల్ని చూసి కాదేమో అనిపించింది. ఈ మనిషి పక్కన ఇన్నాళ్ళు పడుకున్నందుకు నామీద నాకే రోత పుట్టింది.

చెప్పు కింద పడేసి లేచి పెట్టె మూత తీశాను. పాషాని రెండు చేతులతో ఎత్తి తెచ్చి వగ్దీ అరచేతిలో పెట్టాను.

వగ్దీ గావుకేక పెట్టి చెయ్యి విదిలించి కుర్చీ ఎక్కేశాడు. పాషా రొట్టెల మీద పడి, నింపాదిగా తల తిప్పి చూసింది. "తియ్యి! తియ్యవే దాన్ని!" అంటూ అతను పైనుంచి అరుస్తున్నాడు.

"తియ్యను" అన్నాను. "చంపుకుంటావో పెంచుకుంటావో, నీ ఇష్టం."

అత్తగారు కొడుకుని చూసింది, నన్ను చూసింది. కింద పడున్న చెప్పు తీసుకుని తన కాలికి వేసుకుంది.

"వీళ్ళ నాన్న డాబామీద పావురాలు పెంచాడు" అంది నెమ్మదిగా. "సాయంత్రం జెండా ఊపి ఎగరేసి ఊరందరి చేతా శభాష్ అనిపించుకునేవాడు. రెట్ట గీకింది నేను." తరవాత గొంతు పెంచి, "దిగరా కిందికి! నీ బల్లిని నువ్వే తీసుకో!" అంది.

నేను చేతులు కడుక్కుని మేడమ్ ఒదెత్‌కి ఫోన్ చేశాను. శనివారం పొద్దున్నే వస్తున్నానని, ఇద్దరూ వింటుండగానే చెప్పాను.