రెండుసార్లు కురిసిన వాన

మహేశ్వరి పనిలో ఒక్క తప్పూ దొరక్కపోవడమే హేమశ్రీకి అనుమానం కలిగించింది.

మద్దిలపాలెం బస్సు డిపో ఎదుట మూడో అంతస్తులో వాళ్ల ఆఫీసు. అమెరికాలో బేస్‌బాల్ చరిత్ర సేకరించే ఓ సంఘం పాత పేపర్ల స్కాన్లు పంపేది. ప్రతి మ్యాచ్‌లో ఎవరు ఎన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగారో, ఎన్ని హిట్లు కొట్టారో చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇప్పుడు నడుస్తున్నది 1931 నాటి ఓ చిన్న ప్రొఫెషనల్ లీగు. ఆ సీజన్ చివర అచ్చయిన మొదటి పదిమంది హిట్టర్ల జాబితా హేమశ్రీ దగ్గరే ఉండేది. మిగతావాళ్లు ఎక్కించిన లెక్కలు దానితో కలుస్తున్నాయో లేదో చూడటం ఆవిడ పని.

అందరికీ నాలుగైదు చోట్ల తేడా వచ్చేది. జాలరిపేట నుంచి వచ్చి చేరి మూడు నెలలైనా కాని మహేశ్వరికి మాత్రం రాదు. పైగా హేమశ్రీ వెనకనుంచి నడిస్తే చాలు, ఆ పిల్ల స్క్రీన్ మీద ఏదో విండో చటుక్కున మూసేసేది. ఎలాగో జాబితా సంపాదించి, దానికి సరిపడా అంకెలు వండుతోందని హేమశ్రీ గట్టిగా అనుకుంది. కిందటేడు వెంకటేష్ అనే అతను అలాగే చేసి పట్టుబడ్డాడు. అతను మంచివాడని వెనకేసుకొచ్చి, చివరికి అందరి ముందూ మాట పడింది హేమశ్రీయే.

ఓ మంగళవారం తేడా దొరికింది. జాబితాలో మొదటి స్థానంలో ఉన్న హిట్టర్‌కి నూట నలభై ఎనిమిది హిట్లు. మహేశ్వరి లెక్కలో నూట నలభై నాలుగే. వండటంలో చెయ్యి జారిందనుకుంది హేమశ్రీ. పిల్లని ఒక్క మాటైనా అడక్కుండా మేనేజరు శ్రీనివాసరావుకి చెప్పేసింది. ఆయన అప్పటికప్పుడు మహేశ్వరిని ఆ పని నుంచి తప్పించి, ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు.

మహేశ్వరి తడబడలేదు. "నాను వొదిలీలేదు సార్. ఆ జాబితా ఏసినోల్లే ఒక మ్యాచ్ రెండుసార్లు లెక్కెట్టేరు. జులై పద్నాలుగు పేపరూ, పదిహేను పేపరూ సూడండి. రెండిట్లోనూ ఆరో ఇన్నింగ్స్‌లో వానొచ్చి గంటసేపు ఆట ఆగిందనే ఉంది. ఒకే వాన రెండ్రోజులు ఎలాగ కురుస్తాది?"

హేమశ్రీ రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. అవే జట్లు, అదే స్కోరు, అవే నాలుగు హిట్లు. మొదటి పదిమందిలో ఆ రెండు జట్లవాడు అతనొక్కడే కావడంతో తేడా ఇంకెక్కడా బయటపడలేదు. అయినా ఆవిడకి నమ్మకం కుదరలేదు.

"మరి నన్ను చూసి ఆ విండో ఎందుకు మూసేదానివి?"

"మ్యాచ్‌లన్నీ తేదీల్తో ఒక లిస్టు రాసుకుంతన్నాను మేడం. సెప్పని పని సేత్తన్నానని తిడతారని. రిమార్క్స్ కాలమ్‌లో అంతా రాసేను. మీరు సూసేరనుకున్నాను."

హేమశ్రీ ఆ కాలమ్ ఏనాడూ తెరిచి చూడలేదు. ఆ మాట మేనేజరు ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

శ్రీనివాసరావు ఆ రెండు స్కాన్లూ సంఘానికి పంపితే, పది రోజులకి జవాబు వచ్చింది. ఇంకో ఊరి పేపర్లో వెతికితే ఆ మ్యాచ్ ఒక్కసారే జరిగినట్టు తేలిందట. దాంతో తొంభై ఏళ్లకు పైగా మొదటి స్థానంలో ఉన్నవాడు రెండో స్థానానికి దిగాడు. దిద్దిన జాబితా కింద మహేశ్వరి పేరు వేస్తామని రాశారు.

ఆ సాయంత్రం గాజువాక బస్సు కోసం నిలబడ్డ హేమశ్రీ, ఆఫీసు మెట్లు దిగి వస్తున్న మహేశ్వరిని ఆపి, తప్పు తనదేనని చెప్పింది.

"ముందు నన్నడగాల్సింది మేడం," అంది మహేశ్వరి. కోపంగా కూడా అనలేదు. షేర్ ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మళ్లీ పాత పనిలోకి వచ్చిన మహేశ్వరి, ఫైలు ఇచ్చిన ప్రతిసారీ రిమార్క్స్ చదివానని రాసి ఉన్న ఓ కాగితం ముందు పెట్టి, తేదీ వేసి సంతకం చెయ్యమంటోంది. హేమశ్రీ ముందు ఆ కాలమ్ తెరిచి చదివి, అప్పుడు సంతకం చేస్తోంది.